కత్తులు నూరడం నేర్చుకుందాం

మన భాషలో ‘కత్తులు నూరడం’ అంటే పగ పట్టడం. టీవీ సీరియళ్ళలో అత్తాకోడళ్ళు, తోడికోడళ్ళు పొద్దస్తమానం ఒకరి మీద ఒకరు కత్తులు నూరుకుంటూనే ఉంటారు. నేను చూసిన వంటిళ్ళలో మాత్రం కత్తి నూరేవాళ్ళు ఎవరూ కనబడరు. చుట్టాలింటికి వెళ్ళి, ఊరికే కూర్చోలేక “కాస్త కూర తరిగి పెట్టనా వదినా?” అని కత్తి అందుకుంటే అది టమాటా తొక్క మీద సర్రున జారుతుంది. “అది తెగదు గానీ, ఆ ఎర్ర పిడిది తీసుకో, కాస్త నయం” అంటారు. ఆ కాస్త నయమైనదీ అంతంతమాత్రమే!

నేను చెప్పదలచుకున్నది సూటిగా చెప్పేస్తాను. కత్తికి పదును పెట్టడం కూడా గ్యాస్ బర్నర్ శుభ్రం చేసుకోవడం లాంటి ఇంటిపనే. అది రోజూ తరిగే మనిషి చేతిలోనే ఉండాలి. చెయ్యి తిరగలేదని జంకేవాళ్ళ కోసం కోణం తప్పకుండా పట్టి ఉంచే పరికరాలు వచ్చాయి. వాటిని వాడుకోవడం నామోషీ ఏమీ కాదు.

‘ఇంత చిన్న విషయానికి ఇంత ఉపోద్ఘాతమా’ అనుకోకండి. మొండి కత్తి ఖర్చు ఎవరి ఖాతాలో పడుతోందో ఒక్కసారి చూడండి. పొద్దున్నే టిఫిను చట్నీకి ఉల్లిపాయలు, మధ్యాహ్నం కూరకు బెండకాయలో గోరుచిక్కుళ్ళో, రాత్రికి మళ్ళీ ఏదో ఒకటి. కత్తి తెగనప్పుడు ఆ లోటు పూడ్చేది మన మణికట్టు. బొటనవేలి కింద, ముంజేతిలో మొదలైన నొప్పికి బామ్ రాసుకుంటాం, క్రేప్ బ్యాండేజ్ చుట్టుకుంటాం. కత్తి వైపు మాత్రం చూడం. ఉల్లిపాయ సంగతీ అంతే. పదునున్న కత్తి పొరల్ని తెంపుతుంది, మొండి కత్తి నలిపేస్తుంది. ఎంత నలిగితే అంత ఘాటు బయటికొస్తుంది, అన్ని కన్నీళ్ళు. గుమ్మడికాయ మీద బలమంతా పెట్టి నొక్కుతున్నప్పుడు కత్తి పక్కకు జారిందంటే, ఆ బలమంతా మన వేలి మీదే పడుతుంది. “పదును కత్తి ఇంట్లో ఉంటే ప్రమాదం” అని పెద్దవాళ్ళు చెప్పే మాట పిల్లల అందుబాటు గురించైతే నిజమే. తరిగేవాళ్ళకు మాత్రం మొండి కత్తే ఎక్కువ ప్రమాదం. పదునున్న కత్తి మనం పెట్టిన చోటే దిగుతుంది.

ఈ మాట ఇంట్లో అంటే ‘ఆడలేక మద్దెల ఓడు’ అన్న సామెత వినబడుతుంది. నేను చదివింది బీఏ తెలుగు కాబట్టి సామెతల మీద నాకూ కాస్త అభిమానం ఉంది. కానీ ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓటిదై ఉంటుంది. ఆ సంగతి చెప్పడానికి మనకు సామెత లేదు.

వెనకటి రోజుల్లో దీనికి ఒక ఏర్పాటు ఉండేది. ఇంటింటా కత్తిపీట ఉండేది. దాని పీట మీద కాలు మోపి కూర్చుంటే నిలబెట్టిన కత్తి కదిలేది కాదు. రెండు చేతులతో కాయను పట్టుకుని కత్తి మీదికి తోసేవాళ్ళం. మొద్దుబారితే ఆకురాయితో నాలుగు గీతలు గీసేవారు. వీధిలోకి సాన పట్టేవాళ్ళు వచ్చేవారు. సైకిల్ స్టాండు వేసి పెడల్ తొక్కితే సానచక్రం గిర్రున తిరిగేది, నిప్పురవ్వలు చూడ్డానికి పిల్లలం చుట్టూ మూగేవాళ్ళం. ఇప్పుడు కత్తిపీట అటక ఎక్కింది, మనం కిందికి వంగలేక గట్టు దగ్గరికి లేచాం. సాన పట్టేవాళ్ళు అపార్టుమెంటు గేటు దాటి లోపలికి రాలేరు, వాళ్ళ కేక ఐదో అంతస్తుకి వినబడదు. పాత ఏర్పాటు పోయింది, దాని చోట కొత్తది ఏదీ రాలేదు.

“నలభై రూపాయల కత్తికి ఇంత రభస ఎందుకు, పారేసి కొత్తది కొనుక్కో” అంటారు మావారు. చాలా ఇళ్ళలో వినబడే మాటే ఇది. కొత్తది కొన్న పదిహేను రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత అదీ పాతవాటి వరసలో చేరుతుంది. సొరుగు తెరిస్తే ఆరు కత్తులు, ఒక్కటీ తెగదు. వాటిని చెత్తబుట్టలో పడేస్తే? పొద్దున్నే మన చెత్త సంచీలో చెయ్యి పెట్టి తడిదీ పొడిదీ వేరు చేసే మనిషి చేతికి గుచ్చుకుంటుంది. టమాటా కోయని కత్తి కూడా మనిషి అరచేతిని కోయగలదు. ఉన్నదాన్ని బాగు చేసుకోవడం పిసినారితనం కాదు.

సరే, పదును అంటే ఏమిటి? కత్తికి రెండు వైపులా రెండు ఏటవాలు తలాలు ఉంటాయి. అవి రెండూ అడుగున ఒక సన్నని గీత మీద కలుసుకుంటాయి. ఆ గీత ఎంత సన్నగా ఉంటే అంత పదును. రోజూ బోర్డుకు తగిలి తగిలి ఆ గీత గుండ్రంగా అయిపోతుంది, అదే మొద్దుబారడం. రాయి మీద రుద్ది ఆ రెండు వాలుల్నీ మళ్ళీ కలిసేదాకా అరగదీయడమే నూరడం. రహస్యం ఏమీ లేదు.

చిక్కంతా ఆ వాలు దగ్గరే. రాయికి, కత్తికి మధ్య కోణం మొదటి రుద్దుకీ వందో రుద్దుకీ ఒకేలా ఉండాలి. ఒకసారి 15 డిగ్రీలు, ఇంకోసారి 22, ఇంకోసారి 18 అయితే వాలు చదునుగా రాదు, బోర్లించిన గరిటెలా గుండ్రంగా వస్తుంది. అరగంట రుద్దినా కత్తి మెరుస్తుందే గానీ తెగదు. పింగాణీ కప్పు బోర్లించి దాని అడుగు అంచు మీద కత్తి రుద్దే చిట్కా మనందరికీ తెలిసిందే. అది మంచి చిట్కానే, ఆ గరుకు అంచు నిజంగానే ఉక్కును అరగదీస్తుంది. కానీ కోణం చెయ్యి చెప్పినట్టే ఉంటుంది. అందుకే ఒకరోజు అద్భుతంగా తెగుతుంది, ఇంకోరోజు తెగనే తెగదు.

ఆ కోణం ఎంతో కొలుచుకోవచ్చు కూడా. కత్తి రేకు 4 సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకోండి. దాని వెన్ను రాయి మీంచి 1 సెంటీమీటరు లేస్తే దాదాపు 15 డిగ్రీలు, 1.4 సెంటీమీటర్లు లేస్తే 20 డిగ్రీలు. అంటే తేడా 4 మిల్లీమీటర్లు. ఉల్లిపాయలు తరుగుతూ, పొయ్యి మీద పాలు చూసుకుంటూ బతికే చేతికి గాల్లో ఆ 4 మిల్లీమీటర్లు వందసార్లు నిలబెట్టమంటే ఎలా? రోజుకు యాభై కత్తులు పట్టేవాళ్ళ చేతికి ఆ లెక్క దానంతటదే వస్తుంది. రెండు నెలలకోసారి రెండు కత్తులు పట్టుకునే మనకు రాదు, రానక్కర్లేదు కూడా.

ఆ పని చేసిపెట్టేదే ఈ పరికరం. ఒక బిగింపులో కత్తి వెన్నును పట్టి బిగిస్తాం. పక్కనే నిలువుగా ఒక స్తంభం, దానికి ఎత్తు మార్చుకునే ముడి. ఆ ముడిలోంచి సన్నటి కడ్డీ, కడ్డీ చివర చిన్న సానరాయి. కడ్డీని ముందుకూ వెనక్కూ ఆడిస్తే రాయి ఒకే వాలులో కత్తి అంచును రాసుకుంటూ పోతుంది. అమెరికాలో లాన్‌స్కీ అనే కంపెనీ సెట్టులో 17, 20, 25, 30 డిగ్రీలకు నాలుగు రంధ్రాలు ఉంటాయి. ఎడ్జ్ ప్రో, వికెడ్ ఎడ్జ్ లాంటివి ఖరీదైనవి. అదే పద్ధతిలో చేసిన చవకరకాలు మన ఆన్‌లైన్ అంగళ్ళలోనూ దొరుకుతున్నాయి. ఇంటి అవసరానికి అవి చాలు.

ఇది మొదటిసారి చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది కత్తిపీటే. కత్తిపీటలో కత్తి కదలదు, కాయ కదులుతుంది. ఇందులోనూ కత్తి కదలదు, రాయి కదులుతుంది. ఒకటి నిలకడగా ఉంటే రెండోదాన్ని ఎవరైనా ఆడించగలరు. ఈ తెలివి మన అమ్మమ్మల వంటింట్లోనే ఉంది.

అయితే దీని మీద ఒక చిన్నచూపు ఉంది. “ఇదంతా చేతకానివాళ్ళ కోసం, అసలైన పనితనం చేత్తోనే” అనేవాళ్ళున్నారు. నేనొప్పుకోను. క్షురకులు వాడే పాతకాలపు మడత కత్తిని గమనించండి. దాని వెన్ను లావుగా ఉంటుంది. నూరేటప్పుడు వెన్నునూ అంచునూ కలిపి రాయి మీద బల్లపరుపుగా ఆనిస్తారు. ఆ వెన్ను మందమే కోణాన్ని నిర్ణయిస్తుంది, చెయ్యి కాదు. వడ్రంగి ఉలి నూరేటప్పుడు దాని వాలునే రాయికి ఆనిస్తాడు, ఆ వాలే దారి చూపిస్తుంది. పనితనం ఉన్నవాళ్ళే ఆసరాను పనిముట్టులో అమర్చుకున్నారు. అంతెందుకు, ముగ్గు వేసేటప్పుడు ముందు చుక్కలు పెట్టుకుంటాం. ‘చుక్కలు పెట్టింది కాబట్టి ఆమెకు ముగ్గు రాదు’ అని ఎవరైనా అంటారా? వంటింటి పనిముట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆసరా తీసుకోకూడదా?

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా చిన్న మరిదికి ఈ పరికరాలంటే పిచ్చి. నాలుగు రకాల రాళ్ళు, అంచును వంద రెట్లు చేసి చూపించే కెమెరా, అద్దంలా మెరిసే మడత కత్తి. ఆ కత్తితో కాగితాన్ని గాల్లో కోసిన వీడియోలు ఆదివారం ఆదివారం కుటుంబం గ్రూపులో పెడతాడు. మా తోడికోడలు ఫోన్ చేసినప్పుడు “మా ఇంట్లో పదునైనవి ఆ వీడియోలే అక్కా” అంది. వాళ్ళ వంటింటి కత్తి మాత్రం పప్పుగుత్తికి అన్నలా ఉంది. మరిది మంచివాడే, అడిగితే “పట్టి ఇస్తాలే” అంటాడు. ఆ ‘లే’కి తేదీ ఉండదు. కాగితం కోసే కత్తికి పదును ఉంది, కూర కోసే కత్తికి లేదు! ఈ సరదా చాలాచోట్ల మగవాళ్ళ వ్యాపకంగానే ఉండిపోయింది. కత్తిని రోజుకు మూడుసార్లు పట్టుకునే మనిషి దాంట్లో ఎక్కడా లేదు. అందుకే అంటున్నాను, పట్టి ఇమ్మని అడగడం మానేసి ఆ పరికరం మనం తీసుకుందాం. సంక్రాంతికి వాళ్ళు వచ్చినప్పుడు దాన్ని బిగించే పద్ధతి మరిది దగ్గరే నేర్చుకుని, ఒక మామూలు నూలు చీర ధరకు చవకరకం ఒకటి తెప్పించుకున్నాను.

దానివల్ల మా ఇంట్లో జరిగిన మార్పు చిన్నదే. మా అత్తగారికి డెబ్భై దాటాయి, వేళ్ళ కీళ్ళు నొప్పులు. తరగడం మానేసి, “నా చేతుల్లో సత్తువ అయిపోయిందే” అని హాల్లో కూర్చునేవారు. సత్తువ తగ్గిన మాట నిజమే, దాంతోపాటు కత్తి పదునూ తగ్గింది. కత్తి పట్టిన మర్నాడు ఆవిడే వచ్చి బెండకాయల గిన్నె ముందుకు లాక్కున్నారు. నొప్పులు తగ్గలేదు, పావుకిలో తరిగాక చెయ్యి ఆపేశారు. కానీ ఇప్పుడు రోజూ ఆ పావుకిలో ఆవిడదే. “ముక్కలు ఇంత లావైతే వేగుతాయా?” అని నన్ను కోప్పడటం కూడా మళ్ళీ మొదలైంది. పెద్దవాళ్ళకు పని లేకుండా చేయడమే సుఖం అనుకుంటాం. చేయగలిగిన పని చేతిలో ఉండటం కూడా వాళ్ళకు సుఖమే.

ఇక మొదలుపెట్టేవాళ్ళ కోసం నాకు తెలిసిన నాలుగు ముక్కలు.

మొదటిది, కోణం ఎంపిక. మన ఇళ్ళలో వాడే మామూలు స్టీలు కత్తులది మెత్తటి ఉక్కు. వాటికి 20 డిగ్రీలు సరిపోతుంది. జపాన్ కత్తులకు 15 అంటారు, వాటి ఉక్కు గట్టిది కాబట్టి తట్టుకుంటాయి. మెత్తటి ఉక్కుకు మరీ సన్నటి అంచు తీస్తే త్వరగా మడత పడిపోతుంది. కొబ్బరి, ఎముకలు కొట్టే లావు కత్తికి 25 అయినా ఉండాలి.

రెండోది, కత్తిని ప్రతిసారీ బిగింపులో ఒకే చోట బిగించడం. కత్తి అంచు బిగింపు నుంచి ముందుకు జరిగేకొద్దీ కోణం తగ్గుతుంది, వెనక్కి వచ్చేకొద్దీ పెరుగుతుంది. కాబట్టి పరికరం మీద రాసిన అంకెను మరీ నమ్మకండి. అక్కడ 20 అని ఉన్నది నిజానికి 19 అయినా 21 అయినా కూర చెడిపోదు. ప్రతిసారీ అదే కావడం ముఖ్యం. కత్తి మీద ఎక్కడ బిగించారో చిన్న టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకోండి, ముడి ఎత్తు ఒక కాగితం మీద రాసి డబ్బాలో పెట్టుకోండి. రాయి మార్చినప్పుడు మందం తేడా ఉంటే కోణం కూడా కాస్త మారుతుంది, అదీ చూసుకోవాలి.

మూడోది, స్కెచ్ పెన్ను పరీక్ష. పిల్లల పెన్నుల డబ్బాలోంచి చెరగని మార్కరు తీసుకుని కత్తి వాలంతా రంగు పూయండి. రాయితో రెండుమూడుసార్లు మెల్లగా రుద్ది చూడండి. రంగు వాలంతా సమంగా పోతే కోణం సరిపోయినట్టు. పైభాగంలో పోయి అంచు దగ్గర మిగిలితే కోణం తక్కువైంది, ముడి పైకి జరపాలి. అంచు దగ్గర మాత్రమే పోతే ఎక్కువైంది, కిందికి జరపాలి. డిగ్రీల లెక్క తెలియకపోయినా ఈ ఒక్క పరీక్షతో పని జరిగిపోతుంది.

నాలుగోది, ఎప్పుడు ఆపాలన్నది. గరుకు రాయితో మొదలుపెట్టి ఒక వైపు రుద్దుతూ ఉంటే, రెండో వైపు అంచు మీద సన్నటి గరుకు లేస్తుంది. అంచు పొడవునా కాకుండా, వెన్ను వైపు నుంచి అంచు బయటికి బొటనవేలు మెల్లగా జార్చి చూస్తే తెలుస్తుంది. మొదలు నుంచి మొన దాకా ఆ గరుకు తగిలితే ఆ వైపు అయినట్టే. తిప్పి రెండో వైపు అలాగే. తర్వాత నున్నటి రాయితో ఒక్కో వైపు మార్చి మార్చి, బరువు వేయకుండా రుద్దితే గరుకు పోతుంది. 400 నుంచి 1000 నంబరు రాళ్ళతో కూరగాయల కత్తి చక్కగా తెగుతుంది. అద్దంలా మెరవక్కర్లేదు, వీడియో తీయడం లేదు కదా! ఆఖరున కత్తిని కడిగి తుడవడం మాత్రం మరిచిపోకండి, ఉక్కు పొడి కూరలోకి రాకూడదు.

దీనికీ హద్దులున్నాయి. చాలా పొడవాటి కత్తికి బిగింపు రెండుచోట్ల మార్చాల్సి వస్తుంది. మొన దగ్గర వంపులో కోణం కాస్త అటూ ఇటూ అవుతుంది. కత్తిపీట రేకు ఇందులో బిగించలేం, దానికి ఆకురాయే గతి. మొదటిసారి ముప్పావుగంట పడుతుంది, అలవాటయ్యాక పావుగంట. అంత తీరిక లేనివాళ్ళకు బజారులో దొరికే రెండు గాడుల లాగుడు పెట్టె ఉంది. అదీ కోణం పట్టి ఉంచేదే, నిమిషంలో పనవుతుంది. కాకపోతే చాలావాటిలో గట్టి బిళ్ళలు ఉక్కును గీకేస్తాయి, కత్తి త్వరగా అరిగిపోతుంది. అసలు ఏమీ చేయకపోవడం కంటే అది మేలు.

పెట్టిన పదును నిలబడాలంటే గ్రానైట్ గట్టు మీద, స్టీలు పళ్ళెంలో తరగడం మానాలి. అంత గట్టిదాని మీద కత్తి దించితే వారంలో మొదటికొస్తాం. చెక్క బోర్డో, ప్లాస్టిక్‌దో వాడాలి. సింకులో గిన్నెల మధ్య కత్తి పడేయకూడదు, అంచుకూ మంచిది కాదు, తోమేవాళ్ళ చేతికీ మంచిది కాదు. కత్తి పదునైందని ఇంట్లో అందరికీ చెప్పాలి. మొండి కత్తికి అలవాటుపడిన చెయ్యి మొదటి రెండు రోజులు అలవాటుకొద్దీ గట్టిగా నొక్కుతుంది.

మిక్సీ జారు పాడైతే అదే రోజు బాగు చేయిస్తాం, ఎందుకంటే అది ఆగితే ఇంట్లో అందరికీ చట్నీ ఆగిపోతుంది. కత్తి మొద్దుబారితే ఎవరికీ ఏదీ ఆగదు, మన చెయ్యి లాక్కొస్తుంది కాబట్టి. అలా లాక్కురావడాన్ని ఓర్పు అని మెచ్చుకుంటారు కూడా. ఆ మెప్పు నాకక్కర్లేదు. నెలసరుకుల చీటీలో అడుగున ఒక గీత కేటాయించండి: రెండు నెలలకోసారి, ఏదో ఒక తీరిక మధ్యాహ్నం, కత్తులు నూరాలి. ఇంట్లో ఆడపిల్ల ఉన్నా మగపిల్లాడున్నా పక్కన కూర్చోబెట్టుకుని, కడ్డీ వాళ్ళ చేత కూడా ఆడించండి.